ఫినాలిక్ సోర్ వాటర్‌కు కొత్త స్ట్రిప్పర్: ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ మొదటి వారం: డిజైన్ ఆధారం

తూర్పు తీరంలోని ఒక రిఫైనరీకి కొత్త సోర్ వాటర్ స్ట్రిప్పర్ డిజైన్ చేసే పని మా హైదరాబాద్ ఆఫీసుకు వచ్చింది. సోర్ వాటర్ అంటే హైడ్రోజన్ సల్ఫైడ్, అమ్మోనియా కరిగి ఉన్న వ్యర్థ జలం; స్ట్రిప్పర్ అంటే ఆవిరితో ఆ వాయువులను నీటి నుంచి వెళ్లగొట్టే నిలువు గోపురం, అంటే కాలమ్. అక్కడ ఇప్పటికే ఒక స్ట్రిప్పర్ నడుస్తోంది. క్రూడ్ (ముడి చమురు) యూనిట్ ఓవర్‌హెడ్ డ్రమ్ములో దిగే నీరు, బరువైన నూనెలను విడగొట్టే ఎఫ్‌సీసీ, కోకర్ యూనిట్ల ఫ్రాక్షనేటర్ల నీరు, వాక్యూమ్ ఎజెక్టర్ల కండెన్సేట్, హైడ్రోజన్‌తో నూనెలోని సల్ఫర్, నైట్రోజన్ తొలగించే హైడ్రోట్రీటర్ల సెపరేటర్ల నుంచి వచ్చే నీరు, ఇవన్నీ కలిసి ఆ ఒక్క కాలమ్‌లోకే వెళ్తున్నాయి. ఈ నీళ్లన్నింటిలోనూ హైడ్రోజన్ సల్ఫైడ్, అమ్మోనియా ఉంటాయి గాని, తక్కిన మలినాలు మాత్రం ఒక్కటి కావు. ఎఫ్‌సీసీ, కోకర్ నీటిలో ఫినాల్స్, సయనైడ్, ఫార్మిక్ ఆమ్లం వంటి సేంద్రియ ఆమ్లాలు ఉంటాయి. హైడ్రోట్రీటర్ నీటిలో ఇవి దాదాపు ఉండవు. హైడ్రోట్రీటర్ నీటిని విడిగా శుద్ధి చేస్తే, అమ్మోనియం లవణాలను కడగడానికి అవే యూనిట్లలో తిరిగి వాడుకోవచ్చు. ఫినాల్ నీటితో కలిపేస్తే ఆ అవకాశం పోతుంది. అందుచేత పాత కాలమ్‌ను హైడ్రోట్రీటర్ నీటికి వదిలేసి, ఫినాల్స్ ఉన్న నీటికి కొత్త కాలమ్ కట్టాలన్నది రిఫైనరీ నిర్ణయం. ఈ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం; చాలా చోట్ల దీన్ని ఖర్చు పేరుతో వాయిదా వేస్తుంటారు.

వారు పంపిన ఆధార పత్రంలో గంటకు 50 ఘనపు మీటర్ల నీరు, బరువు లెక్కన 5,000 పీపీఎం (పది లక్షల పాళ్లకు 5,000 పాళ్లు) అమ్మోనియా అని ఉంది. హైడ్రోజన్ సల్ఫైడ్ దగ్గరకు వచ్చేసరికి రెండు కాగితాలు రెండు మాటలు చెబుతున్నాయి. ప్లాంటు పాత డిజైన్ పుస్తకం 8,000 పీపీఎం అంటుంటే, నిరుటి ల్యాబ్ షీట్లు 3,000 దగ్గరే తిరుగుతున్నాయి. శుద్ధి అయిన నీటిలో హైడ్రోజన్ సల్ఫైడ్ 5 పీపీఎం, అమ్మోనియా 50 పీపీఎం మించరాదన్నది మాకిచ్చిన లక్ష్యం. అడుగున ఇంత తక్కువ మిగలాలన్నప్పుడు, పైన ఎంత వస్తోందన్నదాంట్లో ఇంత తేడాను వదిలేసి ముందుకు పోలేము. హైడ్రోజన్ సల్ఫైడ్‌ను సల్ఫర్‌గా మార్చే సల్ఫర్ రికవరీ యూనిట్‌కు పంపే గ్యాస్ పరిమాణం కూడా ఈ అంకె మీదే ఆధారపడి ఉంది.

జూన్ చివరి వారం: శాంపిళ్లు

రెండు అంకెల్లో ఏది నిజమో తేల్చడానికి రిఫైనరీకి వెళ్లాము. శాంపిల్ తీసే చోటు చూడగానే కారణం సగం అర్థమైంది. పంపు డిశ్చార్జి దగ్గరి చిన్న వాల్వు తెరిచి, నీటిని సీసాలోకి వదిలి, మూత పెట్టి ల్యాబ్‌కు పంపుతున్నారు. ఒత్తిడి తగ్గగానే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలిలోకి పోతుంది. సీసాలో మిగిలినదానిలో కొంత, పైనున్న గాలితో కలిసి థయోసల్ఫేట్‌గానో పాలీసల్ఫైడ్‌గానో మారిపోతుంది. అమ్మోనియాకు నీటితో పొందు ఎక్కువ కనుక అది పెద్దగా తప్పించుకోదు. అందుకే ల్యాబ్ షీట్లలో అమ్మోనియా సరిగానే ఉండి, సల్ఫైడ్ మాత్రం తక్కువగా కనిపిస్తోంది.

దీన్ని పీహెచ్‌తో సరిచూడవచ్చు. లీటరుకు మిల్లీమోల్స్‌లో లెక్కిస్తే 5,000 పీపీఎం అమ్మోనియా సుమారు 294 అవుతుంది. ల్యాబ్ చెప్పిన 3,000 పీపీఎం హైడ్రోజన్ సల్ఫైడ్ 88 మాత్రమే. ప్రతి సల్ఫైడ్ అణువూ ఒక అమ్మోనియా అణువును అమ్మోనియంగా కట్టిపడేస్తుందనుకుంటే 206 మిల్లీమోల్స్ అమ్మోనియా స్వేచ్ఛగా మిగలాలి. అటువంటి నీటి పీహెచ్ 25 డిగ్రీల దగ్గర 9.6 వరకు ఉండాలి. డిజైన్ పుస్తకం చెప్పే 8,000 పీపీఎం 235 మిల్లీమోల్స్ అవుతుంది; అప్పుడు స్వేచ్ఛగా మిగిలేది 59 మాత్రమే కనుక పీహెచ్ 8.6 లేదా 8.7 ఉండాలి. లైన్ మీదే గాలి చొరని చిన్న అరలో మీటరు పెట్టి చూస్తే 8.6 చూపించింది. కార్బన్ డయాక్సైడ్, ఇతర ఆమ్లాల వాటా ఈ మోటు లెక్కలో లేదన్నది నిజమే గాని, రెండు ఊహల మధ్య దాదాపు ఒక యూనిట్ తేడా ఉన్నప్పుడు ఏది నమ్మదగినదో చెప్పడానికి ఇది చాలు.

తరువాతి శాంపిళ్లను మూసిన సిలిండర్లలో తీయించాము. సల్ఫైడ్ కొలిచే భాగాన్ని జింక్ అసిటేట్, కాస్టిక్ (సోడియం హైడ్రాక్సైడ్) ముందే పోసి ఉంచిన సీసాలోకి, దాని మట్టం కిందనే నీరు చేరేటట్టు దించాము. అక్కడ సల్ఫైడ్ జింక్ సల్ఫైడ్‌గా స్థిరపడుతుంది. అమ్మోనియా కోసం మరో సీసాలో సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పీహెచ్ 2 కంటే తగ్గించాము. ఈ ఆమ్లపు సీసాను ఆరుబయట, శ్వాస పరికరం పెట్టుకొని మాత్రమే నింపాలి, ఎందుకంటే ఆమ్లం తగిలిన వెంటనే సల్ఫైడ్ అంతా గ్యాస్‌గా బయటికి వస్తుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలిలో 100 పీపీఎం చేరితే అది ప్రాణానికి తక్షణ ప్రమాదమున్న స్థాయి. ఆ స్థాయిలో ముక్కు వాసనను గుర్తించడమూ మానేస్తుంది. మా వెంట ఉన్న షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ గారు "సార్, వాసన వస్తున్నంతసేపు పర్వాలేదు, వాసన ఆగిపోతేనే పరుగెత్తాలి" అన్నారు. నా సలహా మాత్రం వాసన మొదలైనప్పుడే కదలమని.

కొత్త శాంపిళ్లు 7,500, 8,200 మధ్య వచ్చాయి. 8,000 పీపీఎంను డిజైన్ అంకెగా ఖాయం చేశాము. అంటే గంటకు 250 కిలోల అమ్మోనియా, 400 కిలోల హైడ్రోజన్ సల్ఫైడ్ నీటి నుంచి బయటికి రావాలి.

జూలై మధ్య: నీటిలో ఏం జరుగుతోంది

స్ట్రిప్పర్‌లో కష్టమైనది హైడ్రోజన్ సల్ఫైడ్ కాదు, అమ్మోనియా. 100 డిగ్రీల దగ్గర నీటితో పోలిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ ఆవిరయ్యే గుణం వెయ్యి రెట్లకు పైన. అమ్మోనియాది పది రెట్లకు కాస్త పైన. అయితే ఈ పోలిక అయానుగా మారని అణువులకే వర్తిస్తుంది. అమ్మోనియం, బైసల్ఫైడ్ అయాన్లకు ఆవిరి ఒత్తిడి లేదు. నీరు వేడెక్కేకొద్దీ ఈ అయాన్లు మళ్లీ అమ్మోనియాగా, హైడ్రోజన్ సల్ఫైడ్‌గా విడిపోతాయి. అందులో ఒకటి పైకి పోతే రెండోదాని సమతౌల్యం కదులుతుంది. కాలమ్ పైభాగంలో సల్ఫైడ్ త్వరగా వెళ్లిపోతుంది, కిందికి వచ్చేకొద్దీ నీటి పీహెచ్ పెరుగుతూ అమ్మోనియా స్వేచ్ఛ పొందుతుంది. ఈ కారణంగానే కొన్ని రిఫైనరీలు రెండు కాలమ్‌లు పెట్టి, మొదటిదాంట్లో ఎక్కువ ఒత్తిడి వద్ద హైడ్రోజన్ సల్ఫైడ్‌ను, రెండోదాంట్లో అమ్మోనియాను విడివిడిగా తీస్తాయి. అమ్మోనియాను అమ్ముకునే ఆలోచన మా రిఫైనరీకి లేదు కనుక ఒక కాలమ్‌తోనే సరిపెట్టుకుంటున్నాము.

ఈ సమతౌల్యాలను లెక్కించడానికి వాన్ క్రెవెలెన్ బృందం 1949లోనే ఒక పద్ధతి ఇచ్చింది. అటుపై గ్రాంట్ విల్సన్ రూపొందించిన ఎస్‌డబ్ల్యూఈక్యూ సమీకరణాలను అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1980లో ప్రచురించింది. ఇప్పటి సిమ్యులేటర్లలో సోర్ వాటర్‌కని ఇచ్చే ప్యాకేజీల వెనుక ఎక్కువగా ఉన్నవి ఈ తరహా సమీకరణాలో, ఎలక్ట్రోలైట్ మోడళ్లో. పనిలోకి వచ్చిన కొత్త ఇంజినీర్లు హైడ్రోకార్బన్లకు వాడే థర్మోడైనమిక్ ప్యాకేజీతోనే ఈ కాలమ్‌ను నడిపించడం తరచు చూస్తుంటాను. అది అయాన్లను గుర్తించదు. నాలుగు ట్రేలకే (ఆవిరి, నీరు కలిసే పళ్లేల్లాంటి అంతస్తులకే) నీరు శుభ్రమైపోయినట్టు చూపించి, చూసేవారికి లేనిపోని ధైర్యం ఇస్తుంది.

మా సిమ్యులేషన్ ప్రకారం లక్ష్యం చేరడానికి ఫీడ్ (శుద్ధికి వచ్చే నీరు) ప్రవేశించే చోటుకు కింద పదకొండు, పన్నెండు ఆదర్శ దశలు, అంటే ఆవిరి, నీరు పూర్తిగా సమతౌల్యానికి వచ్చే మెట్లు కావాలి. సోర్ వాటర్ స్ట్రిప్పర్లలో ట్రే సామర్థ్యం మూడో వంతు దాటుతుందని ఎవరూ పందెం కాయరు. అందువల్ల ఫీడ్ కింద 35 ట్రేలు, పైన పంపరౌండ్‌కు (పై ట్రేల నీటిని తీసి, చల్లబరిచి, తిరిగి పైన పోసే ఏర్పాటుకు) 5 ట్రేలు, మొత్తం 40 తీసుకున్నాము.

ఆగస్టు మొదటి వారం: ఆవిరి లెక్క

ఘనపు మీటరు నీటికి 120 నుంచి 180 కిలోల ఆవిరి అన్నది ఈ రంగంలో సాధారణంగా కనిపించే పరిధి. మాకు 150 దగ్గర లక్ష్యం చేరింది. అంటే గంటకు 7.5 టన్నులు, వేడి రూపంలో 4.6 మెగావాట్లు. ఇది ఎటు పోతోందో విడగొట్టి చూస్తే కాలమ్ స్వభావం బాగా తెలుస్తుంది. ఫీడ్ 100 డిగ్రీల వద్ద ప్రవేశించి అడుగున 122 డిగ్రీలకు చేరడానికి 1.3 మెగావాట్లు పోతాయి. వాయువులను నీటి నుంచి విడదీయడానికి 0.3 చాలు. పైనుంచి గ్యాస్‌తో పాటు వెళ్లే నీటి ఆవిరిలో 0.2 వెళ్తుంది. మిగిలిన 2.8 మెగావాట్లు పంపరౌండ్ ఎయిర్ కూలర్ ద్వారా గాలిలో కలుస్తాయి. మనం కొనే ఆవిరిలో సగానికి పైగా వాయువులను పైకి మోసుకుపోయి, ఆ తరువాత పనిలేనిదై చల్లబడుతుందన్నమాట. దీన్ని వృథా అనుకొని ఆవిరి తగ్గిస్తే, ముందుగా దెబ్బతినేది అమ్మోనియా లక్ష్యమే.

ఫీడ్‌ను 40 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడిచేసేది అడుగునుంచి వచ్చే శుద్ధ జలమే. ఈ వేడి మార్పిడి జరిగే ఎక్స్ఛేంజర్ పని 3.5 మెగావాట్లు. ఇది మురికి పట్టి ఫీడ్ 85 డిగ్రీలకే వస్తే, అదే శుద్ధి కోసం రీబాయిలర్ (కాలమ్ అడుగు నీటిని ఆవిరి వేడితో మరిగించే పరికరం) మీద గంటకు దాదాపు 1.4 టన్నుల ఆవిరి భారం అదనంగా పడుతుంది. రీబాయిలర్‌కు ఆ వెసులుబాటు లేకపోతే అడుగున అమ్మోనియా పెరుగుతుంది. పాత స్ట్రిప్పర్ నడిపే ప్యానెల్ ఆపరేటర్లు చెప్పిన ఫిర్యాదులన్నీ చివరికి ఈ ఎక్స్ఛేంజర్ దగ్గరికే చేరాయి. కనుక కొత్త దానికి రెండు వరుసలు పెట్టి, ఒకటి శుభ్రం చేస్తున్నప్పుడు రెండోదానితో నడిచేలా ఏర్పాటు చేశాము. కొనుగోలు విభాగం దీన్ని ప్రశ్నిస్తుందని తెలుసు, 1.4 టన్నుల ఆవిరి ఖరీదు లెక్క కూడా జతపరిచి పంపాము.

నేరుగా ఆవిరిని కాలమ్‌లోకి వదలడమా, రీబాయిలర్ పెట్టడమా అన్న చర్చ ఆఫీసులో చాలాసేపు సాగింది. నేరుగా వదిలితే మురికి పట్టే ట్యూబులు ఉండవు, పెట్టుబడి తక్కువ. కాని గంటకు 7.5 టన్నుల శుభ్రమైన బాయిలర్ నీరు మురుగునీటిలో కలుస్తుంది, శుద్ధి చేయవలసిన నీరు 15 శాతం పెరుగుతుంది. రీబాయిలర్ అయితే కండెన్సేట్ వెనక్కి వస్తుంది. రిఫైనరీలోని తక్కువ ఒత్తిడి ఆవిరి చదరపు సెంటీమీటరుకు 3.5 కిలోల గేజి ఒత్తిడిలో, 147 డిగ్రీల దగ్గర నీరుగా మారుతుంది. కాలమ్ అడుగు 122. ఆ 25 డిగ్రీల తేడాకు సుమారు 230 చదరపు మీటర్ల ట్యూబులు కావాలి. రీబాయిలర్‌నే ఎంచుకున్నాము, అయితే కింది ట్రే దిగువన నేరుగా ఆవిరి వదిలే నాజిల్ కూడా ఉంచాము. రీబాయిలర్ తెరిచిన వారంలో కాలమ్ ఆపకుండా ఉండడానికి ఆ నాజిల్ పనికొస్తుంది.

ఆగస్టు చివర: ట్యాంకు, నూనె

కాలమ్ కంటే నాకు ఎక్కువ పట్టింపు ట్యాంకు మీదనే. సోర్ వాటర్ స్ట్రిప్పర్లలో వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం నూనె తెచ్చేవే. సెపరేటర్లలో మట్టం సరిగా లేని రోజున నాఫ్తా గానీ డీజిల్ గానీ నీటి వెంట గుంపుగా వస్తుంది. తేలిక నూనె కాలమ్‌లోకి చేరితే పై ట్రేల్లోనే ఆవిరై గ్యాస్‌తో పాటు సల్ఫర్ రికవరీ యూనిట్‌కు పోతుంది. అక్కడ హైడ్రోజన్ సల్ఫైడ్‌ను సల్ఫర్‌గా మార్చడానికి ఒక మోల్‌కు సగం మోల్ ఆక్సిజన్ చాలు. హెక్సేన్ పూర్తిగా కాలడానికి తొమ్మిదిన్నర కావాలి. అంటే పంతొమ్మిది రెట్లు. గాలి నియంత్రణ వ్యవస్థ దాన్ని గుర్తించి సర్దుకునేలోపు సగం కాలిన కార్బన్ మసిగా కాటలిస్ట్ మీద పేరుకుంటుంది. బరువైన నూనె అయితే ట్రేల మీద నురుగు రేపుతుంది, ఎక్స్ఛేంజర్లలో జిగటగా అతుక్కుంటుంది.

అందుకే నీరు ముందు ఒక ఫ్లాష్ డ్రమ్ములోకి వస్తుంది. అక్కడ తక్కువ ఒత్తిడి వద్ద కరిగి ఉన్న తేలిక హైడ్రోకార్బన్లు విడిపోయి ఫ్లేర్ హెడర్‌కు వెళ్తాయి. పైన తేలే నూనె గోడ దాటి పక్క గదిలోకి పొంగుతుంది. ఇరవై నిమిషాల నిలువకు 17 ఘనపు మీటర్ల నీటి పరిమాణం ఇచ్చాము. దాని తరువాత ట్యాంకులు. మూడు రోజుల నిలువ అంటే 3,600 ఘనపు మీటర్లు. దాన్ని ఒక పెద్ద ట్యాంకుగా కాక 1,800 చొప్పున రెండుగా విడగొట్టాము. ఒకటి నిండుతూ, నూనె తేలడానికి సమయమిస్తూ ఉంటే, రెండోది కాలమ్‌కు ఫీడ్ ఇస్తుంది. దీనివల్ల మరో లాభం ఉంది: కోకర్ డ్రమ్ములు మార్చినప్పుడల్లా అమ్మోనియా, సల్ఫైడ్ ఎగుడుదిగుళ్లు కాలమ్‌ను చేరకముందే చదునవుతాయి. స్ట్రిప్పర్‌కు ఎప్పుడూ ఒకే రకం ఫీడ్ ఇస్తే, మనం తల తిప్పి కూడా చూడనవసరం లేకుండా అది నడుస్తుంది.

ట్యాంకు గోడ మీద వేర్వేరు ఎత్తుల్లో నూనె తీసే నాజిళ్లు పెట్టించాము. ఒక ఎత్తులోనే నాజిల్ ఉంటే, మట్టం అక్కడికి చేరేదాకా నూనె తీయడం కుదరదు. ఆపరేటర్లు ఆ పని మానేస్తారు, కొన్ని నెలల్లో నూనె పొర మీటరు మందానికి చేరుతుంది. పైకప్పు విషయంలో స్థిరమైన కప్పు, లోపల నీటిపై తేలే మరో కప్పు, రెండింటి మధ్య నైట్రోజన్ అన్న ఏర్పాటు చేశాము. తేలే కప్పు మాత్రమే ఉంటే వర్షాకాలంలో దాని మీద చేరే నీటిని తోడడం ఒక పనవుతుంది, అంచుల సీళ్ల నుంచి వాసన ఊరిదాకా పోతుంది. నైట్రోజన్ వల్ల ఆక్సిజన్ చేరదు కనుక థయోసల్ఫేట్, థయోసయనేట్ ఏర్పడడమూ తగ్గుతుంది. అయితే ఇటువంటి ట్యాంకు గోడల మీద ఐరన్ సల్ఫైడ్ పొర పేరుకుంటుంది. శుభ్రం చేయడానికి తెరిచినప్పుడు అది గాలి తగిలి తనంతట తానే రాజుకోగలదు. కనుక తెరిచేముందు తడిపి ఉంచడానికి నీటి కనెక్షన్లు కప్పు కిందనే ఇచ్చాము. దీన్ని నిర్వహణ పుస్తకంలో రాసి ఊరుకోకుండా డ్రాయింగులోనే చూపించాలని పట్టుబట్టాను.

సెప్టెంబరు మొదటి వారం: కాలమ్ కొలతలు

అడుగు ట్రే దగ్గర ఆవిరి పరిమాణం సెకనుకు 1.8 ఘనపు మీటర్లు. నురుగు స్వభావానికి 0.6 గుణకం తీసుకుంటే 1.4 మీటర్ల వ్యాసం దాదాపు సరిపోతుంది, 1.5 మీటర్లు ఖాయం చేశాము. ట్రేలకు కదిలే వాల్వులు కాకుండా, పెద్ద స్థిర వాల్వులున్నవి అడిగాము. మురికి, లవణాలు పట్టే చోట కదిలే భాగాలు ఎక్కువ కాలం కదలవు. ట్రేలకు బదులు ప్యాకింగ్ నింపే ఆలోచన కూడా అదే కారణంతో పక్కన పెట్టాము.

ట్రేల మధ్య 60 సెంటీమీటర్ల ఎడంతో, స్కర్టుతో కలిపి కాలమ్ ఎత్తు 35 మీటర్లకు చేరుతుంది. వ్యాసానికి ఇరవై రెట్లు దాటిన ఈ సన్నని ఆకారాన్ని తుపానుల తీరంలో నిలబెట్టాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం అక్కడి మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. 2015 సవరణ, తీరానికి 60 కిలోమీటర్ల లోపు ఉండే పారిశ్రామిక నిర్మాణాలకు 1.15 గుణకం కలిపింది. వేగం మీద వేసే ఈ గుణకం ఒత్తిడిలో 32 శాతం పెంపు అవుతుంది. గాలి సుడుల వల్ల కాలమ్ ఊగే అవకాశాన్ని కూడా సివిల్, మెకానికల్ బృందాలు చూస్తున్నాయి. కింది షెల్ మందం నిర్ణయించేది లోపలి ఒత్తిడి కాక బయటి గాలి అయ్యేలా ఉంది.

సెప్టెంబరు చివర: పైభాగం, లవణాలు

పైభాగంలో రెండు దారులున్నాయి. గ్యాస్‌ను కండెన్సర్‌లో చల్లబరిచి, డ్రమ్ములో చేరిన నీటిని రిఫ్లక్స్‌గా తిప్పి పంపడం ఒకటి. పై ట్రేల నుంచే వేడి నీటిని తీసి, ఎయిర్ కూలర్‌లో చల్లబరిచి పై ట్రే మీద పోసే పంపరౌండ్ రెండోది. మొదటిదాంట్లో గ్యాస్ ద్రవంగా మారే చోటే అమ్మోనియం బైసల్ఫైడ్ గాఢత విపరీతంగా పెరిగి లోహాన్ని తింటుంది. ఉష్ణోగ్రత కాస్త తగ్గితే లవణం గడ్డకట్టి ట్యూబులు మూసుకుపోతాయి. పంపరౌండ్‌లో చల్లబడేది ద్రవం కనుక ఈ బెడద తక్కువ. రెండో దారినే తీసుకున్నాము. గంటకు సుమారు 70 టన్నుల నీటిని 95 నుంచి 60 డిగ్రీలకు చల్లబరిస్తే 2.8 మెగావాట్లు తొలగుతాయి.

పై నుంచి వెళ్లే గ్యాస్ ఉష్ణోగ్రతను 90 డిగ్రీల వద్ద నిలపాలి. 82 డిగ్రీల కిందికి పోనిస్తే లైన్లో లవణాలు పేరుకుంటాయన్నది ఈ రంగంలో అందరూ పాటించే హద్దు. అలాగని మరీ పైకి పోనిస్తే నీటి ఆవిరి ఎక్కువై సల్ఫర్ యూనిట్ ఫర్నేస్ చల్లబడుతుంది. పైన గేజి ఒత్తిడి 0.8 కిలోలు ఉన్నప్పుడు, 90 డిగ్రీల వద్ద గ్యాస్‌లో నీటి ఆవిరి మోల్ లెక్కన 39 శాతం, అంటే గంటకు 300 కిలోలు. దాంతో కలిపి 950 కిలోల గ్యాస్ వెళ్తుంది. సల్ఫర్ యూనిట్ వరకు లైన్ మొత్తం ఆవిరి ట్రేసింగ్‌తో (వెంట నడిచే ఆవిరి గొట్టపు వేడితో), ఎక్కడా నీరు నిలవని వాలుతో ఉండాలి. వాల్వులకు, పరికరాల చిన్న గొట్టాలకు కూడా ఇదే నియమం, ఎందుకంటే ముందుగా మూసుకుపోయేవి అవే.

అమ్మోనియా ఉన్న గ్యాస్‌ను సల్ఫర్ యూనిట్ తీసుకోగలదా అన్నది వేరే ప్రశ్న. అమ్మోనియా పూర్తిగా నశించాలంటే ఫర్నేస్‌లో 1,250 డిగ్రీలు దాటాలి. దాటకపోతే మిగిలిన అమ్మోనియా కిందనున్న చల్లని భాగాల్లో లవణాలుగా పేరుకొని కండెన్సర్ ట్యూబులను మూస్తుంది. ఇప్పుడున్న బర్నర్ ఈ అదనపు 250 కిలోలను కాల్చగలదో లేదో దాని తయారీదారు నుంచి రాతపూర్వకంగా రావలసి ఉంది.

అక్టోబరు: కట్టుబడిన అమ్మోనియా

పాత స్ట్రిప్పర్‌లో ఆవిరి ఎంత పెంచినా అడుగున అమ్మోనియా 110 పీపీఎం దగ్గర ఆగిపోతోందని ఆపరేటర్లు చెప్పారు. ఇది ట్రేల లోపం కాదని నిరూపించడానికి ల్యాబ్‌లో ఒక పాత పద్ధతి వాడాము. కోక్ ఓవెన్ ప్లాంట్లలో ఇది తెలిసినదే. నీటిని క్షారమేమీ కలపకుండా మరిగించి, బయటికి వచ్చే అమ్మోనియాను ఆమ్లంలో పట్టాలి. ఇక రావడం ఆగిన తరువాత కాస్టిక్ కలిపి మళ్లీ మరిగించాలి. రెండోసారి వచ్చేదంతా బలమైన ఆమ్లాలకు కట్టుబడిన అమ్మోనియా. మొదటిసారి అమ్మోనియా రావడం పూర్తిగా ఆగిపోయాక కూడా, రెండోసారి 100 పీపీఎంకు పైగా వచ్చింది. ఫార్మేట్, థయోసయనేట్, క్లోరైడ్ వంటి అయాన్లు కాలమ్‌లో ఎగిరిపోవు కనుక, వాటికి జతగా అమ్మోనియం కూడా నీటిలోనే నిలిచిపోతుంది. కొత్త కాలమ్‌కు వచ్చేది సరిగ్గా ఈ ఆమ్లాలున్న నీరే కాబట్టి సమస్య మరింత స్పష్టంగా కనబడుతుంది. 35 ట్రేల స్థానంలో 70 పెట్టినా ఆ అంకె కదలదు.

మందు కాస్టిక్. సోడియం ఆ అయాన్లకు జతగా నిలిచి అమ్మోనియాను విడిచిపెడుతుంది. 60 పీపీఎం అమ్మోనియాను విడిపించడానికి నీటిలో కిలోకు 141 మిల్లీగ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ కావాలి. 50 ఘనపు మీటర్లకు గంటకు 7 కిలోలు, పది శాతం ద్రావణంగా 70 కిలోలు. మోతాదు చిన్నదే, ఎక్కడ పోయాలన్నదే అసలు విషయం. ఫీడ్‌లో కలిపితే సల్ఫైడ్‌నే ముందుగా అయానుగా మార్చి నీటిలో ఆపేస్తుంది. కాలమ్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ దాదాపు పోయిన చోట, అంటే మధ్యకు దిగువన ఇవ్వాలి. ఫీడ్ కూర్పు మారితే ఆ చోటు కూడా కొంత కిందికో పైకో జరుగుతుంది. అందుకే మూడు వేర్వేరు ట్రేల మీద నాజిళ్లు పెట్టాము. చల్లార్చిన అడుగు నీటి పీహెచ్‌ను చూస్తూ మోతాదు నడుస్తుంది. మోతాదు మించితే క్యాల్షియం ఉన్న నీటిలో రీబాయిలర్ ట్యూబుల మీద సున్నపు పొర పడుతుంది. సోర్ వాటర్ హెడర్‌లోకి పంపు సీళ్లు చల్లార్చే సాధారణ నీరు కలుస్తున్న రెండు చోట్లను గుర్తించి, కండెన్సేట్‌కు మార్చమని రిఫైనరీకి రాశాము.

నవంబరు మొదటి వారం: లోహం

షెల్ కార్బన్ స్టీల్, వెల్డింగ్ తరువాత ఒత్తిడి తగ్గించే వేడి చికిత్సతో. కాఠిన్యం హద్దులకు, సల్ఫైడ్ వల్ల పగుళ్లు రాకుండా రిఫైనరీ లోహాలకు ఉద్దేశించిన నేస్ ఎంఆర్ 0103 ప్రమాణం. ఫీడ్ పైన ఉన్న భాగానికి, పంపరౌండ్ గొట్టాలకు, కూలర్ ట్యూబులకు 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీల్. సయనైడ్ ఉన్నందువల్ల ఇంత జాగ్రత్త అవసరమైంది. ఇనుము మీద ఐరన్ సల్ఫైడ్ పొర ఏర్పడి ఒక మేరకు కాపాడుతుంది. సయనైడ్ ఆ పొరను కరిగించి, పరమాణు రూపంలో హైడ్రోజన్ లోహంలోకి దూరి బొబ్బలు లేపేలా చేస్తుంది. హైడ్రోట్రీటర్ నీటికి చెల్లిన లోహాలను ఈ నీటికి అలాగే నకలు చేయకూడదని పరికరాల పట్టికలో ప్రత్యేకంగా గుర్తు పెట్టాము.

నవంబరు చివర: నీరు ఎటు వెళ్తుంది

శుద్ధి అయిన నీరు, క్రూడ్‌లోని ఉప్పును నీటితో కడిగి తీసే డీసాల్టర్‌కు వెళ్తుంది. గంటకు 1,000 ఘనపు మీటర్ల క్రూడ్‌కు 5 శాతం కడుగు నీరు అంటే సరిగ్గా 50. దీనితో ఆ మేరకు మంచినీరు మిగులుతుంది. స్ట్రిప్పర్ ఫినాల్స్‌ను పెద్దగా తీయలేదు. వాటి సంగతి డీసాల్టర్ చూస్తుంది: ఫినాల్‌లో చెప్పుకోదగిన భాగం నీటి నుంచి క్రూడ్‌లోకి మారిపోతుంది. లేకపోతే ఆ భారమంతా జీవ శుద్ధి ట్యాంకులు మోయాలి. దేశంలో రిఫైనరీలకు 2008లో సవరించిన ప్రమాణాల ప్రకారం బయటికి వదిలే నీటిలో లీటరుకు ఫినాల్స్ 0.35, సల్ఫైడ్ 0.5, నైట్రోజన్ రూపంలో అమ్మోనియా 15 మిల్లీగ్రాములు దాటరాదు. స్ట్రిప్పర్ ఒక్కటే ఈ హద్దులకు చేర్చదు గాని, ఇది సరిగా నడవని రోజున మిగతా శుద్ధి వ్యవస్థ ఏదీ ఆ భారాన్ని తట్టుకోలేదు.

డీసాల్టర్ తరఫున రెండు షరతులు వచ్చాయి. అమ్మోనియా ఎక్కువై నీటి పీహెచ్ పెరిగితే నూనె, నీరు విడిపోకుండా ఎమల్షన్ గట్టిపడుతుంది. పైగా ఆ అమ్మోనియా కొంత క్రూడ్‌లోకి చేరి, క్రూడ్ కాలమ్ ఓవర్‌హెడ్‌లో క్లోరైడ్‌తో కలిసి లవణమవుతుంది. రెండోది సోడియం: మా కాస్టిక్ మోతాదుకు కడుగు నీటిలో 81 పీపీఎం సోడియం చేరుతుంది. అది చాలావరకు ఉప్పునీటితోనే బయటికి పోతుందని లెక్క చూపించాము, వారు ఒప్పుకున్నారు. పీహెచ్ హద్దు దాటినప్పుడు నీరు డీసాల్టర్‌కు కాక నేరుగా మురుగుశుద్ధికి మళ్లేలా వాల్వు పెట్టాము. హైడ్రోజన్ సల్ఫైడ్ హద్దు దాటితే మాత్రం ఎటూ పోకుండా తిరిగి ఫీడ్ ట్యాంకుకే రావాలి.

ప్రాసెస్ డేటాషీట్లు, పైపింగ్ డ్రాయింగులు మొదటి విడత వ్యాఖ్యల కోసం రిఫైనరీకి వెళ్లాయి. మూడు అంశాలు తేలవలసి ఉన్నాయి. సల్ఫర్ యూనిట్ బర్నర్ తయారీదారు జవాబు మొదటిది. కాలమ్ ఊగడాన్ని ఆపడానికి పైభాగంలో సర్పిలాకారపు పట్టీలు కావాలా అన్న మెకానికల్ బృందపు తీర్పు రెండోది. పాత ఎక్స్ఛేంజర్ ఈ శీతాకాలపు షట్‌డౌన్‌లో తెరిచినప్పుడు ట్యూబుల మీది మడ్డి నమూనా తీసి, అందులో నూనె పాలెంత, లవణాల పాలెంత అని చూడడం మూడోది. కొత్త ఎక్స్ఛేంజర్‌కు మురికి గుణకం ఆ ఫలితం వచ్చాకే ఖాయం చేస్తాము.